బాకీ వ్రాసి ఉంచేదా, లెక్కించి తెలుసుకొనేదా?

హాజరు, జమ, ఖర్చు, వసూలు, రశీదు, బాకీ – ఈ మాటలు ఉర్దూ మాట్లాడే ఇంట్లోనూ, తెలుగు మాట్లాడే ఇంట్లోనూ ఒక్క తీరుగానే వినబడతాయి. అరబ్బీ, ఫారసీ మూలాల నుండి వచ్చి, కచ్చేరీల మీదుగా, అంగళ్ల మీదుగా తెలుగులో స్థిరపడి, పరాయివన్న స్పృహ కూడ మిగలకుండా మన వాడుకలో కలిసిపోయిన మాటలివి. వీటిలో ‘బాకీ’ అన్న మాటను విద్యార్థి లోకం ఒక్క క్షణం నిలిచి పరిశీలించవలెనని మా మనవి. అరబ్బీలో దాని అర్థం ‘మిగిలినది’ అని. అరువుగా సరుకు ఇవ్వడం ఒక సంఘటన. రూకలు వసూలు కావడం ఒక సంఘటన. రెండింటినీ జరిగిన వెంటనే చిట్టాలో వ్రాయవలసిందే. బాకీ మాత్రం సంఘటన కాదు. ఇచ్చిన దానిలో నుండి వచ్చినది పోగా తేలే ఫలితం. ఈ భేదాన్ని ఆ మాటే తనలో దాచుకొని ఉన్నది.

జాగ్రత్త గల గుమాస్తాకు ఈ సంగతి తెలుసు. ఖాతాదారు వచ్చి బాకీ ఎంత అని అడిగితే, పేజీ అడుగున ఎప్పుడో వేసి ఉంచిన మొత్తాన్ని చదివి అతడు ఊరుకోడు. పై పద్దులను మరల కూడి, వసూళ్లను తీసివేసి, ఆ తరువాతనే నోరు విప్పుతాడు. ఎందుకంటే నడుమ ఏ పద్దునో దిద్ది, అడుగున ఉన్న మొత్తాన్ని దిద్దడం మరచిపోవడం మానవ సహజం. వెబ్ అప్లికేషన్లను నిర్మించడం నేర్చుకొంటున్న నేటి విద్యార్థి అలవరచుకోవలసినది సరిగ్గా ఈ గుమాస్తా వివేకమేనని మా నిశ్చితాభిప్రాయం. మూలాన్ని ఒక్క చోట వ్రాయాలి. దాని నుండి తేలే వాటిని అడిగినప్పుడు లెక్కించాలి. లెక్కించగల దానిని వ్రాసి ఉంచడం, అబద్ధానికి ముందుగానే చోటు కేటాయించి ఉంచడం వంటిది.

ఈ సూత్రం కొత్తది కాదు. 1970లో ఇ. ఎఫ్. కాడ్ ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం నేటి డేటాబేసులకు పునాది. ఇతర పట్టికల నుండి రాబట్టగలిగిన పట్టికను కూడ నిల్వ ఉంచితే కలిగే పునరుక్తిని గురించి, దాని వలన పొందిక చెడే ప్రమాదాన్ని గురించి అందులో ఆయన చర్చించారు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన ‘విసికాల్క్’ ఈ భావాన్ని సామాన్య వ్యాపారి బల్ల మీదికి తెచ్చింది. అందులో ఒక గడిలో ఉండేది మనం వ్రాసిన అంకె కావచ్చు, లేదా ఒక సూత్రం కావచ్చు. అంకెను మార్చగానే దానిపై ఆధారపడిన సూత్రాల ఫలితాలు వాటంతట అవే మారతాయి. నేడు లెక్కల పట్టిక తెరిచే ప్రతి విద్యార్థి ఎరిగిన ఈ సంగతి, అదే విద్యార్థి జావాస్క్రిప్టు వ్రాయడానికి కూర్చున్నప్పుడు ఎందుకో మరుగున పడిపోతున్నది.

బ్రౌజరులో నడిచే అప్లికేషన్లు పెద్దవయ్యే కొద్దీ ఈ మరుపు వలన కలిగే నష్టం బయటపడింది. తెరలో ఒక మూల పేర్ల జాబితా, మరొక మూల మొత్తాల సంఖ్య, పైన ఒక హెచ్చరిక, ప్రక్కన వెదికే గడి – ప్రతి భాగమూ తనకు కావలసిన సమాచారాన్ని తానే దాచుకోవడం మొదలుపెడితే, ఒకే విషయానికి నాలుగు నకళ్లు ఏర్పడతాయి. 2013లో ‘రియాక్ట్’ను లోకానికి విడుదల చేసిన ఫేస్‌బుక్ సంస్థ ఇంజనీర్లు, మరుసటి సంవత్సరం 2014లో ‘ఫ్లక్స్’ అనే పద్ధతిని వివరిస్తూ తమకే ఎదురైన ఒక చిక్కును బహిరంగంగా చెప్పారు. చదవని సందేశం ఒకటి ఉన్నదని తెర పైభాగంలో అంకె కనబడేది. వాడుకరి నొక్కి చూస్తే కొత్త సందేశం ఏదీ ఉండేది కాదు. దిద్దిన కొన్నాళ్లకు ఆ దోషం మరల తలెత్తేది. సందేశాలు ఒక చోట, వాటి సంఖ్య మరొక చోట విడివిడిగా నడుస్తూ ఉండడమే దాని మూలం. సమాచారం ఒకే దిశలో ప్రవహించాలని, మార్పులన్నీ ఒక క్రమంలో స్టోర్‌కు చేరాలని వారు ప్రతిపాదించారు. 2015లో వచ్చిన ‘రెడక్స్’ ఇంకొక అడుగు వేసి, అప్లికేషను మొత్తానికి ఒకే స్టోర్ అన్న పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. స్టోర్ అంటే తెర మీది భాగాలన్నీ కలిసి వాడుకొనే ఉమ్మడి భాండారమని అనుకోవచ్చును.

అయితే భాండారం ఉమ్మడిది అయినంత మాత్రాన చిక్కు తీరదు. అందులో ఏమి ఉంచాలి, ఏమి ఉంచరాదు అన్నదే అసలు ప్రశ్న. విద్యార్థికి మిక్కిలి దగ్గరదైన ఉదాహరణను తీసుకొందాము.

ఒక తరగతి హాజరు పట్టీని చూపే అప్లికేషను ఉన్నదనుకొందాము. అరువది మంది విద్యార్థులు. ఒక పాఠ్యాంశంలో ఇప్పటికి 40 పీరియడ్లు జరిగాయి. ఒక విద్యార్థిని 29 పీరియడ్లకు హాజరైనట్లు పట్టీలో ఉన్నది. అంటే 72.5 శాతం. పరీక్షకు కూర్చోవడానికి 75 శాతం హాజరు ఉండాలన్న నియమం అనేక విశ్వవిద్యాలయాలలో ఉన్నది. కాబట్టి ఆమె పేరు అనర్హుల జాబితాలో చేరింది. కొన్ని దినాల తరువాత, ఒకనాడు ఆమె తరగతిలోనే ఉన్నా పొరపాటున గైర్హాజరు పడిందని అధ్యాపకుడు గుర్తించి పట్టీని దిద్దాడు. ఇప్పుడు 40కి 30. సరిగ్గా 75 శాతం. ఒక్క గుర్తు మారడంతో ఒక విద్యార్థిని సంవత్సరం నిలబడింది.

నిజంగా నిలబడిందా? అది ఆ అప్లికేషను వ్రాసిన వాని అలవాటుపై ఆధారపడి ఉన్నది. స్టోర్‌లో రోజువారీ గుర్తులతో పాటు శాతాన్ని వేరుగా, అనర్హుల జాబితాను వేరుగా, వారి సంఖ్యను వేరుగా వ్రాసి ఉంచాడనుకొందాము. గుర్తు దిద్దినప్పుడు ఆ మూడింటినీ దిద్దే బాధ్యత అతని జ్ఞాపకశక్తి మీద పడుతుంది. పట్టీని దిద్దే తెర ఒక్కటే అయితే ఎట్లో గుర్తుంచుకొంటాడు. తరువాత మరొక విద్యార్థి వచ్చి, శిబిరాలకు వెళ్లిన వారందరికీ ఒకేసారి హాజరు వేసే బటన్ ఒకటి చేరుస్తాడు. అతనికి ఆ మూడు నకళ్ల సంగతి తెలియదు. అప్పుడు ఒక తెర 75 అంటుంది, మరొక తెర 72.5 అంటుంది, నోటీసు బోర్డుకు వెళ్లే జాబితాలో ఆమె పేరు అట్లే ఉంటుంది. ఏ ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. అయినా తెర అబద్ధం చెప్పింది. దాని ఫలితం అనుభవించేది ప్రోగ్రాం వ్రాసిన వాడు కాదు.

దీనికి బదులు స్టోర్‌లో ఉండవలసినవి రెండే రెండు: ఏ దినం ఏ పీరియడుకు ఎవరు వచ్చారన్న గుర్తులు, 75 అన్న నియమం. జరిగిన పీరియడ్ల సంఖ్య గుర్తుల నుండి తేలుతుంది. శాతం వాటి నుండి తేలుతుంది. అనర్హుల జాబితా శాతం నుండి, నియమం నుండి తేలుతుంది. వారి సంఖ్య ఆ జాబితా పొడవే. ఇట్లు స్టోర్ నుండి విలువను రాబట్టి ఇచ్చే చిన్న ప్రమేయాన్ని రెడక్స్ వాడుకలో సెలెక్టర్ అంటారు. ‘వ్యూ’లో కంప్యూటెడ్ అంటారు. పేరు ఏదైనా లక్షణం ఒక్కటే: ఒకే మూలం ఇస్తే ఒకే ఫలితం ఇస్తుంది, మూలాన్ని తాను ముట్టుకోదు. గుర్తును ఎవరు దిద్దినా, ఏ బటన్ నొక్కి దిద్దినా, అన్ని తెరలూ ఒకే మాట చెబుతాయి. దిద్దవలసిన నకలే లేనప్పుడు దిద్దడం మరచిపోయే అవకాశం ఎక్కడిది?

మన వంటి కళాశాలలకు చెందిన మరొక ఉదాహరణ కూడ ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ కనబడే అప్లికేషనులో వాడుకరి ఏ భాష ఎంచుకొన్నాడన్నది మూల విలువ. అక్షరాలు కుడి నుండి ఎడమకు నడవాలా, ఎడమ నుండి కుడికి నడవాలా అన్నది దాని నుండి తేలే విలువ. పేర్లను ఏ అకారాది క్రమంలో పేర్చాలన్నది కూడ అంతే. భాషను, దిశను వేరువేరుగా దాచిన అప్లికేషనులో ఎప్పుడో ఒకప్పుడు తెలుగు వాక్యం కుడి అంచుకు అతుక్కొని కనబడుతుంది, లేదా ఉర్దూ వాక్యంలో చుక్క తప్పు కొసన పడుతుంది. భాష ఒక్కటే దాచి దిశను రాబట్టుకొంటే ఆ అపశ్రుతికి తావు లేదు.

ఇక్కడ సాధారణంగా వినవచ్చే ఆక్షేపణ ఒకటి: ప్రతిసారి లెక్కిస్తే వేగం తగ్గదా? ఈ భయమే మన విద్యార్థులను నకళ్ల వైపు నెట్టుతున్నదని మేము గమనించాము. లెక్క వేసి చూద్దాము. అరువది మంది విద్యార్థులు, రెండు వందల పీరియడ్లు, గుర్తులు 12,000. ఇన్నింటిని కూడడం నేటి సామాన్యమైన ఫోనులోని బ్రౌజరుకు కూడ కొన్ని మిల్లీసెకన్ల పనికి మించదు. వాడుకరి కన్ను దానిని పసిగట్టలేదు. కొలవకుండా భయపడి, భయపడి నకలు వ్రాసి, నకలును కాపాడడానికి ఇంకొక వంద పంక్తులు వ్రాయడం పొదుపు కాదు.

లెక్క నిజంగా బరువైనదని కొలతలో తేలితే దానికీ మార్గం ఉన్నది. 1968లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ మిచీ, ఒకసారి వేసిన లెక్క ఫలితాన్ని జ్ఞాపకం ఉంచుకొని, అదే ప్రశ్న మరల వస్తే అదే జవాబు తిరిగి ఇచ్చే ప్రమేయాలను ‘మెమో’ ప్రమేయాలని పేర్కొన్నారు. రెడక్స్‌తో కలిపి వాడే ‘రీసెలెక్ట్’ గ్రంథాలయం చేసేది ఇదే పని. మూలం మారనంత వరకు పాత ఫలితాన్నే ఇస్తుంది. మూలం మారితే తానే మరల లెక్కిస్తుంది. దీనికి, నకలు వ్రాసి ఉంచడానికి గల తేడాను విద్యార్థి స్పష్టంగా గ్రహించాలి. నకలును దిద్దే బాధ్యత మనిషిది. జ్ఞాపకాన్ని దిద్దే బాధ్యత ప్రమేయానిది.

ఈ మార్గంలోనూ గోతులు లేకపోలేదు. మొదటిది: జాబితాను వడకట్టే సెలెక్టర్ ప్రతిసారి ఒక కొత్త జాబితాను సృష్టిస్తుంది. అందులోని పేర్లు అవే అయినా జాబితా అనే వస్తువు కొత్తది. ఫలితం మారిందా లేదా అన్నది తెర సాధారణంగా వస్తువును చూసి నిర్ణయిస్తుందే కాని లోపలి పేర్లను చూసి కాదు. కాబట్టి స్టోర్‌లో సంబంధం లేని మార్పు జరిగినా తెర మరల గీయబడుతుంది. జ్ఞాపకం గల సెలెక్టర్ అవసరం సరిగ్గా ఇక్కడే వస్తుంది. రెండవది: రీసెలెక్ట్ సెలెక్టర్లు చాలా కాలం చివరి ప్రశ్నను ఒక్కదానినే జ్ఞాపకం ఉంచుకొనేవి. రెండు తరగతుల పట్టీలను ఒకే తెరపై చూపుతూ రెండింటికీ ఒకే సెలెక్టర్ వాడితే, ఒకటి అడిగినప్పుడు మరొకటి చెరిగిపోయి జ్ఞాపకం వ్యర్థమయ్యేది. 2023లో వచ్చిన అయిదవ సంపుటి ఈ లోపాన్ని సవరించింది. పాత సంపుటిని వాడే వారు మాత్రం ప్రతి తరగతికి వేరు సెలెక్టర్ ఇవ్వడం మేలు. మూడవది అన్నింటికన్న ప్రమాదకరం: జావాస్క్రిప్టులో ‘సార్ట్’ అన్న పద్ధతి కొత్త జాబితా ఇవ్వదు, ఉన్న జాబితానే తారుమారు చేస్తుంది. సెలెక్టర్‌లో దానిని నేరుగా వాడితే, చదవడానికి వచ్చిన వాడు చిట్టాను చెరిపి వెళ్లినట్లవుతుంది. ముందు ఒక ప్రతి తీసుకొని పేర్చాలి, లేదా 2023 ప్రమాణంలో చేరిన ‘టుసార్టెడ్’ను వాడాలి.

రియాక్ట్ నేర్చుకొనే వారిలో మరొక అలవాటు విరివిగా కనబడుతున్నది. శాతం కొరకు ఒక స్టేట్ పెట్టి, గుర్తులు మారినప్పుడల్లా ఒక ఎఫెక్ట్ చేత దానిని నింపించడం. చూడడానికి ఇది స్వయంచాలకంగానే తోస్తుంది. కాని వాస్తవానికి తెర మొదట పాత శాతంతో సిద్ధమవుతుంది. ఆ తరువాత ఎఫెక్ట్ నడిచి, విలువ మారి, తెర మరల సిద్ధమవుతుంది. ఒక పనికి రెండు పనులు. నడుమ కొంతసేపు అసత్యం. తెరను గీసే సమయంలోనే గుర్తుల నుండి శాతాన్ని లెక్కిస్తే ఒక్క పంక్తితో సరిపోతుంది. రియాక్ట్ నిర్మాతలు 2018లోనే ఇటువంటి నకళ్లను గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు. అట్లే, జాబితాలో ఒక విద్యార్థిని ఎంచుకొన్నప్పుడు ఆ విద్యార్థి వివరాలన్నింటిని ప్రతి తీసి దాచుకొనే వారున్నారు. దాచవలసినది హాల్ టికెట్ సంఖ్య ఒక్కటే. వివరాలను దాని ఆధారంగా మూల పట్టిక నుండి తెచ్చుకోవాలి.

ఇంత చెప్పిన తరువాత, దేనినీ వ్రాసి ఉంచరాదని మేము వాదిస్తున్నామని ఎవరూ అనుకోరాదు. రశీదును చూడండి. ‘అందినది’ అన్న అర్థం గల ఫారసీ మాట అది. రశీదుపై ఉన్న మొత్తాన్ని నేటి రుసుముల పట్టిక నుండి రాబట్టరాదు. ఆనాడు ఎంత అందిందో అది జరిగిపోయిన సంఘటన. రుసుము తరువాత మారినా రశీదు మారదు. ఒక తేదీన సంతకం చేసి ప్రకటించిన అర్హుల జాబితా కూడ అంతే. అది ఒక నిర్ణయానికి సాక్ష్యం. తేదీతో సహా దానిని భద్రపరచవలసిందే. వాడుకరి ఒక గడిలో వ్రాస్తూ, ఇంకా పంపని మాట కూడ మూలమే కాని ఫలితం కాదు. కోట్ల పద్దులు గల డేటాబేసులలో మొత్తాలను ముందే కూడి ఉంచడం తప్పనిసరి కావచ్చు. అక్కడ కూడ వాటిని ఎప్పుడు, ఎవరు తాజాపరుస్తారో వ్రాతపూర్వకంగా నిర్ణయించి ఉంటారు. ఇంకొక మాట: బ్రౌజరులోని స్టోర్ కూడ సర్వరులో ఉన్న అసలు చిట్టాకు నకలే. అధ్యాపకుడు తన గదిలో దిద్దిన గుర్తు ఆఫీసులో తెరిచి ఉన్న బ్రౌజరుకు తనంతట తాను చేరదు. కాబట్టి హాల్ టికెట్ వంటి తుది నిర్ణయాన్ని సర్వరులోనే లెక్కించాలి; బ్రౌజరు చూపేది చూపుగానే ఉండాలి.

మేము కోరేది ఈ వివేచన మాత్రమే. స్టోర్‌లో ఒక కొత్త విలువను చేర్చే ముందు విద్యార్థి తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది జరిగిన సంఘటనా, లేక సంఘటనల నుండి తేలే ఫలితమా? దీనిని ఇప్పటికే ఉన్న వాటి నుండి రాబట్టగలనా? రాబట్టగలిగి కూడ దాచదలిస్తే, మూలం మారిననాడు దీనిని దిద్దేది ఎవరు? మూడవ ప్రశ్నకు ‘నేనే గుర్తుంచుకొంటాను’ అన్నదే జవాబైతే, ఆ విలువ స్టోర్‌లో ఉండదగినది కాదు.

కళాశాల పాలక సంఘం పెద్దలకు కూడ ఒక విన్నపం. చివరి సంవత్సరం ప్రాజెక్టులను పరీక్షించేటప్పుడు తెరల అందాన్ని, పుటల సంఖ్యను చూసి మార్కులు వేయడం అంతటా ఉన్న ఆచారం. దానికి ఒక చిన్న పరీక్షను జోడించవలెనని మా సూచన. విద్యార్థి చూపుతున్న అప్లికేషనులో ఒకే ఒక మూల విలువను – ఒక హాజరు గుర్తును, ఒక మార్కును – మార్పించి, దానిపై ఆధారపడిన ప్రతి తెరను తెరిపించి చూడండి. మరే బటన్ నొక్కకుండా అన్నీ ఏకవాక్యంగా పలికితే ఆ నిర్మాణం గట్టిది. ఒక్క తెర పాత మాట పలికినా దానిని సవరించిన తరువాతనే అంగీకరించండి. ఈ పరీక్షకు అయిదు నిమిషాలకు మించి పట్టదు, పైకం ఖర్చు లేదు. కళాశాల తన అవసరాలకు బయటివారి చేత చేయించుకొనే అప్లికేషన్లకు కూడ, సొమ్ము చెల్లించే ముందు, ఇదే గీటురాయి కావాలి.

నేడు ప్రాజెక్టుగా హాజరు పట్టీ వ్రాసే విద్యార్థులలో కొందరు రేపు ఆసుపత్రి పట్టీలను, చౌక ధరల దుకాణం ఖాతాలను, పింఛను జాబితాలను వ్రాస్తారు. అక్కడ ఒక నకలు దిద్దబడకపోతే ఒక ముసలమ్మకు బియ్యం అందదు, ఒక రోగికి మందు మోతాదు మారుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ ముసలమ్మ చూపించలేదు. తెర మీద ఉన్నదే నిజమని కిటికీ అవతలి ఉద్యోగి అంటాడు. ఆ కిటికీ ముందు నిలబడే వారి పక్షాన మన విద్యార్థులు ఇప్పటి నుండే ఆలోచించడం నేర్చుకోవాలి. చిట్టాను ఒక్క చోట నిజాయితీగా వ్రాసి, బాకీని ప్రతిసారి కొత్తగా లెక్కించే అలవాటు అందులో మొదటి పాఠం.